అమ్మలూ, ఆ తెరచాప ప్రాజెక్టే తీసుకో

అమ్మలూ,

సౌర తెరచాప, అంటే ఎండ తోపుతో నౌకను నడిపే అద్దంలాంటి పలచటి పొర మీద ప్రాజెక్టు చేస్తానంటే క్లాసులో నవ్వుతున్నారనీ, వెలుతురు తోస్తే వ్యోమనౌక కదులుతుందా అని మీ గైడుగారు కూడా అనుమానంగా అడిగారనీ చెప్పావు. ఫోన్లో తేలే సంగతి కాదు కాబట్టి రాస్తున్నాను.

అడగడంలో తప్పు లేదు. వెలుతురు కణమైన ఫోటాన్‌కు ద్రవ్యరాశి లేకపోయినా ద్రవ్యవేగం ఉంటుంది. అద్దానికి తగిలి వెనక్కి మళ్లేటప్పుడు దాన్ని కాస్త తోస్తుంది. భౌతికశాస్త్రవేత్త మాక్స్‌వెల్ దీన్ని లెక్కగట్టి చెప్పాడు, 1900 ప్రాంతంలో రష్యాలో లెబెదెవ్ ప్రయోగశాలలో కొలిచి చూపించాడు. తోపు ఎంతంటావా, భూమి ఉన్న దూరంలో చదరపు మీటరు అద్దం మీద దాదాపు 9 మైక్రోన్యూటన్లు. మిల్లీగ్రాము బరువుకి కూడా కొంచెం తక్కువే. ఈ అంకె దగ్గరే అందరూ పెదవి విరిచేస్తారు.

కానీ అది రాత్రీ పగలూ లేకుండా తోస్తూనే ఉంటుంది, ఇంధనం అక్కర్లేదు. ప్లానెటరీ సొసైటీ వాళ్లు 2019లో జనం చందాలతో పంపిన లైట్‌సెయిల్-2 బరువు 5 కిలోలు, తెరచాప 32 చదరపు మీటర్లు. అలాంటి దానికి నెల రోజులు ఎండ నేరుగా తగిలితే గంటకు 500 కిలోమీటర్లకు పైగా వేగం పెరుగుతుంది. అది భూమి చుట్టూ తిరుగుతూ, సూర్యుడికి దూరంగా వెళ్లే సగంలో తెరచాపను ఎండకు ఎదురుగా పెట్టేది, దగ్గరగా వచ్చే సగంలో అంచు తిప్పేసేది. అలా తిప్పుకుంటూనే కొద్దిరోజుల్లో కక్ష్య పైకొసను కిలోమీటరున్నర పైగా ఎత్తుకుంది.

నాకు మాత్రం అన్నిటికన్నా జపాన్ వాళ్ల ఇకారోస్ అంటేనే ఇష్టం. 2010 మేలో బయల్దేరింది. పక్కకు 14 మీటర్లుండే చదరపు పొర, మందం 7.5 మైక్రాన్లు. దాన్ని విప్పడానికి కమ్మీలు పెట్టలేదు. నాలుగు మూలలా చిన్న బరువులు కట్టి నౌకను గిర్రున తిప్పారు, ఆ ఊపుకి పొర విచ్చుకుంది. అరచేతిలో పట్టేంత కెమెరాను స్ప్రింగుతో బయటికి విసిరి తెరచాప ఫొటో తీయించారు. ఆ ఫొటో తప్పకుండా చూడు, మడతల గీతలు కూడా కనబడతాయి. దిశ మార్చాలంటే అంచుల్లోని ఎల్‌సీడీ పలకల మెరుపు మార్చేవారు. మెరిసే వైపు తోపు ఎక్కువ, మసకైన వైపు తక్కువ, దాంతో మెల్లగా ఒరిగేది. మొత్తం తోపు 1.12 మిల్లీన్యూటన్లే. అయినా ఆ డిసెంబరులో శుక్రగ్రహం పక్కనుంచి వెళ్లింది.

శుక్రుడు మనకన్నా సూర్యుడికి దగ్గర కదా, బయటికి తోసే వెలుతురుతో లోపలికెలా వెళ్తారని నీ క్లాసువాళ్లు అడుగుతారు. తెరచాపను వాలుగా తిప్పితే తోపులో కొంత ప్రయాణానికి ఎదురొస్తుంది. కక్ష్యావేగం తగ్గుతుంది, సూర్యుడి ఆకర్షణే దాన్ని లోపలికి లాక్కుంటుంది. ఇది బోర్డు మీద బొమ్మగీసి చూపించు.

మన ఇస్రోకూ ఈ తోపు కొత్త కాదు. ఇన్సాట్-2ఎ, ఇన్సాట్-3ఎ ఉపగ్రహాల్లో వాతావరణ కెమెరా సెన్సర్లు చల్లగా ఉండాలని సోలార్ పలకలు ఒకవైపే పెట్టారు. వెలుతురు ఆ వైపే తోస్తే ఉపగ్రహం మెలి తిరిగిపోదూ? అందుకని రెండోవైపు పొడవాటి కాడ చివర చిన్న తెరచాప బిగించారు.

లేజర్‌తో తోసి, గ్రాముల బరువున్న నౌకను కాంతివేగంలో ఐదో వంతుతో ఆల్ఫా సెంటారీ నక్షత్రం దగ్గరికి 20 ఏళ్లలో పంపుతామని 2016లో బ్రేక్‌త్రూ స్టార్‌షాట్ వాళ్లు ప్రకటించారు. ఆ కల నాకూ నచ్చింది. కానీ 100 గిగావాట్ల లేజర్ తగిలినా కాలిపోని పొర ముందు కావాలి. నీ చేతికందే పని ఇంకా దగ్గర్లోనే ఉంది. సూర్యుణ్ణి గమనించడానికి శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య-ఎల్1 మనకు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, సూర్యుడి వైపు ఉంది. పెద్ద తెరచాప ఉంటే వెలుతురు తోపు సూర్యుడి లాగుడును కొంత తగ్గిస్తుంది, కాబట్టి సూర్యుడి వైపు ఇంకా ముందుకెళ్లి కాపలా కాయొచ్చు. సౌర తుపాను సంగతి మనకు ఇంకాస్త ముందే తెలుస్తుంది. పవర్ గ్రిడ్లు నడిపేవాళ్లకు ఆ కాస్త సమయమే ఎంతో విలువ. ఈ పద్ధతిని పరీక్షించడానికే నాసా సుమారు 1,650 చదరపు మీటర్ల తెరచాపతో సోలార్ క్రూజర్ అనే నౌకను పంపాలనుకుంది, ప్రయోగం దాకా తీసుకెళ్లలేదు.

ఇక్కడే నీ మెకానికల్ చదువు అక్కరకొస్తుంది. వెలుతురు తోపు గురించి ఇక తేలాల్సిందేం లేదు. పొరను విప్పడం, బిగుతుగా నిలపడం, తిప్పడం, ఇవే కష్టం. 2024లో నాసా పంపిన ఏసీఎస్3 అనే తెరచాప నౌక బూమ్‌లు, అంటే పొరను చాచి పట్టే పొడవాటి కడ్డీలు, కార్బన్ ఫైబర్‌వి, కొలత టేపులా నొక్కి చుట్టేయొచ్చు. 80 చదరపు మీటర్ల తెరచాప విచ్చుకుంది గానీ ఒక బూమ్ కాస్త ఒంగింది. బిగించి లాగేటప్పుడే అలా అయ్యుంటుందని నాసా చెప్పింది. నువ్వు ఆ ఒంపునే ప్రాజెక్టుగా తీసుకో తల్లీ. పొడవు రెట్టింపైతే బూమ్ ఒంగకుండా మోయగల బరువు నాలుగో వంతుకు పడిపోతుందని ఆయిలర్ సూత్రం నీకు తెలుసు. పలచటి గోడల బూమ్‌కి అది ఎంతవరకు పనికొస్తుందో చూడాలి. దసరాకు వచ్చేటప్పుడు కొలతలు రాసుకునిరా, కూర్చుని లెక్కేద్దాం. గైడుగారికి ముందు ఆ కాగితమే చూపిద్దువుగాని.

ప్రేమతో,
నాన్న