ఒమొటోలా వేసిన వేషం, మా ఏజెన్సీలో రక్త పరీక్ష

సంపాదకుడు గారికి,

నమస్కారం. మీ సినిమా పేజీలో హీరోయిన్ల గురించి వచ్చేవి ఎక్కువగా పెళ్లెప్పుడు, రెమ్యూనరేషన్ ఎంత అన్న కబుర్లే. తప్పని అనను, పొద్దున్నే నేనూ ముందు తిప్పేది ఆ పేజీనే. కానీ అందులో ఒక్కసారైనా కనిపించాల్సిన మనిషి ఒకరున్నారు. నైజీరియా నటి ఒమొటోలా జలాడే ఎకెయిన్డే. రోజంతా రక్తం శాంపిళ్ల మధ్య గడిపే ల్యాబ్ టెక్నీషియన్‌కి ఆవిడతో ఏం పని అంటారా, చెప్తాను.

ఆవిడ 1978లో లాగోస్‌లో పుట్టారు. తండ్రి రోడ్డు ప్రమాదంలో పోయాక చిన్న వయసులోనే మోడలింగ్‌లోకి దిగారు. స్నేహితురాలికి తోడుగా ఆడిషన్‌కి వెళ్తే వేషం ఈవిడకి దక్కింది. 1995లో మొదటి సినిమా. ఆ మరుసటి ఏడాదే 'మోర్టల్ ఇన్‌హెరిటెన్స్'లో సికిల్ సెల్ జబ్బుతో (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంకర తిరిగే, తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్త జబ్బు) ప్రాణం కోసం పెనుగులాడే అమ్మాయిగా నటించారు. అప్పటికి 18 ఏళ్లు! మన దగ్గర ఆ వయసు హీరోయిన్‌కి అలాంటి వేషం ఇస్తే మేనేజరే వద్దంటాడు.

ఆ రోజుల్లో నైజీరియా సినిమా థియేటర్‌కి వచ్చేది తక్కువ, బజార్లో వీడియో క్యాసెట్‌గా అమ్ముడుపోయేది. పిల్లా పెద్దా ఇంట్లోనే కూర్చుని చూసేవారు. అంటే జబ్బు కథ నేరుగా నట్టింట్లోకే వచ్చిందన్నమాట. అక్కడ ప్రతి నలుగురిలో ఒకరు సికిల్ సెల్ క్యారియర్, అంటే తనకి జబ్బు లేకున్నా దాని జన్యువుని మోసే మనిషి. ఏటా దాదాపు లక్షన్నర మంది పిల్లలు ఆ జబ్బుతో పుడుతున్నారు. ఇవాళ అక్కడ పెళ్లి మాట ఎత్తగానే 'నీ జీనోటైప్ ఏంటి' అని, అంటే ఆ జన్యువు నీలో ఉందా లేదా అని, అడగడం మామూలు. పరీక్ష కాగితం చూపిస్తేగానీ పెళ్లి చేయని చర్చిలున్నాయి. ఒక్క సినిమా వల్లే ఇదంతా వచ్చిందని నేను చెప్పను. డాక్టర్లు, చర్చిలు, స్కూళ్లు ఏళ్ల తరబడి చెబితే వచ్చింది. కానీ జనం ప్రేమించే ముఖం ఒకటి ఆ జబ్బుకి తోడైంది.

ఇక మా సంగతి. 2047 నాటికి సికిల్ సెల్‌ని లేకుండా చేయాలని కేంద్రం 2023 జులైలో మిషన్ మొదలుపెట్టింది. 17 రాష్ట్రాల్లో, 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలన్నది లెక్క. మన ఏజెన్సీ ప్రాంతాలూ అందులో ఉన్నాయి. పరీక్ష చేస్తాం, ఫలితం రాసిన కార్డు ఇస్తాం. ఆ కార్డు ట్రంకు పెట్టెలో రేషన్ కార్డు కింద పడి ఉంటుంది. మొన్నామధ్య ఒకతను చెల్లెలికి సంబంధం కుదిరిందని చెబుతూ రెండు కార్డులు తెచ్చి చూపించాడు. అబ్బాయి, అమ్మాయి ఇద్దరూ క్యారియర్లే. 'ఇద్దరూ దుక్కలా ఉన్నారు కదండీ, ఇంకేం జబ్బు?' అన్నాడు. క్యారియర్‌కి మామూలుగా ఏ బాధా ఉండదు. అలాంటి ఇద్దరికి పెళ్లయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నాలుగో వంతు. ఇది అరగంట చెప్పినా అతనికి ఎక్కలేదు. పైగా 'ఫలానా పిల్ల రక్తం మంచిది కాదట' అని ఊళ్లో మాట పుడితే ఆ అమ్మాయి గతేంటన్నది మరో టెన్షన్. ఈ మాట ఆడపిల్లల మీదే ఎందుకు పడుతుందో నాకిప్పటికీ అర్థం కాదు.

ఇలాంటి చోట పోస్టర్ కంటే కథ బాగా పనిచేస్తుందని నా నమ్మకం. అలాగని ఒక సినిమా చేసి చేతులు దులుపుకుంటే చాలదు. ఒమొటోలా అక్కడితో ఆగలేదు. 2005లో ప్రపంచ ఆహార కార్యక్రమానికి అంబాసిడర్ అయ్యారు. తన పేరుతోనే యువజన సంస్థ పెట్టి వందల మంది కుర్రాళ్లని, అమ్మాయిలని ఒకచోట చేర్చి సభలు, నడకలు నడిపారు. సియెర్రా లియోన్‌లో కాన్పు సమయంలో చనిపోతున్న తల్లుల కోసం మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీతో కలిసి ప్రచారం చేశారు. మధ్యలో, 2004లో, పారితోషికం ఎక్కువ అడుగుతున్నారని నిర్మాతలు, మార్కెటర్లు కలిసి కొందరు తారల్ని పక్కనపెట్టారు. వారిలో ఈవిడా ఉన్నారు. ఊరుకోకుండా పాటల ఆల్బమ్ చేశారు! 2013లో టైమ్ పత్రిక వేసిన ప్రపంచంలో ప్రభావం చూపే వందమంది జాబితాలో మన ఆమిర్ ఖాన్‌తో పాటు ఈవిడ పేరూ వచ్చింది. ఆమిర్ గురించి మన పేపర్లు పేజీలు నింపాయి. ఈవిడ గురించి నేను చదివిన గుర్తు లేదు.

నా మనవి చిన్నదే. పెళ్లిళ్ల సీజన్ మొదలయ్యేలోగా మీ సినిమా పేజీలోనే, ఆరోగ్యం పేజీలో కాదు, ఒమొటోలా ఫొటో వేసి ఈ జబ్బు గురించి అరపేజీ రాయండి. పక్కనే ఏ కార్డుకి ఏ కార్డుతో ఇబ్బందో చిన్న బొమ్మ వేయండి. మా ఊళ్లలో పేపర్ చదివాక సినిమా పేజీని చింపి గోడకి అంటిస్తారు.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్,
అల్లూరి సీతారామరాజు జిల్లా
(పేరు వేయవద్దని మనవి)