ఆదివారం నాగావళి ఒడ్డున కలుద్దాం

అందరికీ నమస్కారం.

ఈ ఆదివారం ఉదయం 6 గంటలకు శ్రీకాకుళం పాత వంతెన దగ్గరికి రండి. 8 లోపు ఇంటికి వెళ్లిపోవచ్చు.

మొన్న గ్రూపులో ఒకరు అడిగారు, వానలు పడుతూనే ఉన్నా వేసవికి ఏట్లో ఇసుకే ఎందుకు మిగులుతోందని. నాగావళి, వంశధార రెండూ ఒడిశాలోని కలహండి కొండల్లో పుట్టినవే. అక్కడ అడవి ఉంటే వాన నేలలో ఇంకి, నెలల తరబడి ఊటగా ఏటికి చేరుతుంది. కొండ బోడిదైతే నీరంతా ఒక్కసారే దిగిపోతుంది. ముందు వరద, తర్వాత ఎండు. పైగా గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది. అందుకే కురిస్తే కుండపోత! 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు వంశధార ఎలా పొంగిందో హిరమండలం వైపు వాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

ఏటి పాత ఫొటోలుంటే శనివారం రాత్రిలోగా ఇక్కడ పెట్టండి (గుడ్ మార్నింగ్ ఫొటోలు కాదండీ).
ఇంట్లో బావి ఉంటే నీటిమట్టం తాడుతో కొలిచి రాసుకు రండి.

పిల్లల్ని నీళ్లలోకి దిగనివ్వకండి, ఇసుక తవ్విన గోతులు పైకి కనబడవు.

వచ్చేవాళ్లు కింద పేరు రాయండి. టిఫిన్ ఎవరి ఖర్చు వాళ్లదే!