బారెడు పొద్దెక్కినా లేవని పిల్లలు: ఈ నెల ఉత్తరం

తల్లిదండ్రులకు, పొద్దున్నే పిల్లల్ని లేపే పని మీద వేసుకున్న అమ్మమ్మలకు, నానమ్మలకు, తాతయ్యలకు నమస్కారం.

ఎనిమిదో తరగతి దాటిన పిల్లల ఇళ్లలో ఎవరిని కదిపినా ఒకటే మాట వస్తోంది. "చిన్నప్పుడు కోడి కూతకే లేచేవాడండి, ఇప్పుడు ఎంత లేపినా లేవడు." దయచేసి దీన్ని బద్ధకం కింద జమకట్టకండి. పదమూడు, పద్నాలుగేళ్లు వచ్చేసరికి ఒంట్లో నిద్ర వేళే మారిపోతుంది.

చీకటి పడ్డాక మెదడులో మెలటోనిన్ అనే హార్మోన్ ఊరడం మొదలై ఒంటిని నిద్రకు సిద్ధం చేస్తుంది. యుక్తవయసులో ఇది గంట నుంచి రెండు గంటల దాకా ఆలస్యమవుతుంది. పైగా, మెలకువగా ఉన్నకొద్దీ పేరుకోవాల్సిన నిద్రమత్తు ఈ వయసులో నెమ్మదిగా పేరుకుంటుంది. అందుకే ఐదో తరగతి చెల్లెలు అన్నం కంచం ముందే తూగుతుంటే, పదో తరగతి అన్న రాత్రి పదింటికి కూడా చురుగ్గా ఉంటాడు. అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయంలో మేరీ కార్స్‌కాడన్ బృందం ఈ మార్పును 1990లలోనే గమనించింది. అప్పటికి పిల్లల చేతుల్లో ఫోన్లు లేవు. ఫోన్ ఈ ఆలస్యాన్ని పెంచుతుందే గానీ, మూలం అది కాదు.

ఇప్పుడు లెక్క చూడండి. 13 నుంచి 18 ఏళ్ల వారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికన్ నిద్ర వైద్య నిపుణుల సంఘం 2016లో చెప్పింది. మన బడిలో మొదటి గంట 8:40కి. కానీ లంక ఊళ్ల నుంచి పంటు (బల్లకట్టు) మీద ఏరు దాటి వచ్చేవాళ్లూ, వ్యాన్ మొదటి స్టాపులో ఎక్కేవాళ్లూ ఆరింటికే లేవాలి. పదకొండింటికి నిద్రపట్టిన పిల్లవాడికి దొరికేది ఏడు గంటలు. రోజుకు కనీసం గంట చొప్పున శనివారానికి ఆరు గంటల బాకీ. కాలిఫోర్నియాలో 2022 నుంచి హైస్కూళ్లు 8:30 కన్నా ముందు మొదలుపెట్టకూడదని చట్టమే ఉంది. మన గంట అంతకన్నా పది నిమిషాలు ఆలస్యమే అయినా, అసలు లెక్క గంట ఎప్పుడు కొట్టామన్నది కాదు, పిల్ల ఎన్నింటికి లేవాల్సి వస్తోందన్నది.

చాలా ఇళ్లలో మొదట చేసే ప్రయత్నం ఎనిమిదిన్నరకే లైట్లు తీసేసి పడుకోబెట్టడం. అది పారదు. రోజూ నిద్రపట్టే వేళకు ముందు రెండు మూడు గంటలు మెదడు బాగా మెలకువగా ఉండే సమయం. పదకొండింటికి నిద్రపోయేవాడిని ఎనిమిదిన్నరకు మంచమెక్కిస్తే అటూ ఇటూ పొర్లుతాడు, చివరికి దుప్పట్లోకి ఫోన్ చేరుతుంది. కాబట్టి రాత్రి వైపు నుంచి కాదు, పొద్దుటి వైపు నుంచి మొదలుపెట్టండి.

లేచే వేళ ఒకటే ఉండాలి, ఆదివారం కూడా. మరీ అలసిపోతే ఆ ఒక్కరోజు గంట ఎక్కువ ఇవ్వండి, అంతకు మించొద్దు. ఆదివారం పదింటిదాకా పడుకున్న పిల్లకు ఆ రాత్రి పన్నెండైనా నిద్ర రాదు, సోమవారం మొదటి పీరియడ్ అంతా వృథా. ఇప్పుడు ఏడున్నరకు లేస్తున్న పిల్లను రేపే ఆరింటికి లేపకండి. రెండు మూడు రోజులకోసారి పావుగంట చొప్పున ముందుకు జరపండి. రెండు వారాల్లో కుదురుకుంటుంది. సంక్రాంతి సెలవుల తర్వాత ఇది మరీ అవసరం. భోగి మంట కోసం తెల్లవారుజామున లేచినా, తర్వాతి రోజుల్లో వేళలన్నీ చెదిరిపోతాయి. బడి తెరవడానికి వారం ముందే మొదలుపెట్టండి.

లేచిన అరగంటలోపు ఆరుబయట పదిహేను, ఇరవై నిమిషాలు ఉండనివ్వండి. ఒంటి గడియారాన్ని ముందుకు జరపడంలో పొద్దుటి వెలుతురుకు మించింది లేదు. ట్యూబ్‌లైటు కింద కొన్ని వందల లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) వెలుతురుంటే, బయట మబ్బు పట్టిన రోజున కూడా వేలల్లో ఉంటుంది. భారత కాలమానానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం మన కాకినాడ పక్కనుంచే పోతుంది కాబట్టి గడియారానికీ సూర్యుడికీ ఇక్కడ పెద్ద తేడా లేదు. చలికాలంలో కూడా ఆరున్నరకల్లా వెలుగొస్తుంది. పళ్లు తోముకోవడం, మొక్కలకు నీళ్లు పోయడం, జడ వేయించుకోవడం, అన్నీ అరుగు మీదో పెరట్లోనో జరిగితే చాలు. కొబ్బరితోట నీడ దట్టంగా ఉన్న ఇళ్లవారు మాత్రం పిల్లల్ని వీధి వైపుకు పంపండి.

లేపే పద్ధతి గురించి ఒక మాట. ఐదు నిమిషాలకోసారి అలారం నొక్కి మళ్లీ పడుకోవడం వల్ల దక్కేది ముక్కలైన నిద్ర, దానివల్ల మత్తు పెరుగుతుంది. అలారం ఒక్కటే పెట్టండి, మంచం దిగితే గానీ అందని చోట ఉంచండి. మోగగానే కిటికీ తలుపులు తీయండి, ఫ్యాన్ ఆపండి, దోమతెర ఎత్తేయండి. తర్వాత పావుగంట, అరగంట మెదడు పూర్తిగా తేరుకోదు. ఆ సమయంలో పిల్ల చిర్రుబుర్రులాడటం పొగరు కాదు. మార్కుల సంగతి, హోంవర్క్ సంగతి అప్పుడే ఎత్తకండి.

సాయంత్రం వైపు చేయాల్సినవి తక్కువే. నాలుగు దాటాక టీ, కూల్‌డ్రింకు వద్దు. తాగిన కెఫీన్‌లో సగం అయిదు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది. కునుకు కావాలంటే ట్యూషన్‌కు ముందు ఇరవై నిమిషాలు చాలు. తొమ్మిదిన్నర తర్వాత పడగ్గదిలో ట్యూబ్‌లైటు తీసేసి చిన్న బల్బు వేయండి, ఫోన్‌ను హాల్లో చార్జింగ్‌కు పెట్టండి. ఇంట్లో పెద్దల ఫోన్లు కూడా అక్కడే ఉంటే పిల్లలతో వాదన ఉండదు. మన ఉక్కపోతకు పడుకునే ముందు గంటా రెండు గంటల మధ్య గోరువెచ్చటి నీళ్లతో స్నానం మంచిది. తర్వాత ఒళ్లు చల్లబడి నిద్ర త్వరగా పడుతుంది.

పదో తరగతి తల్లిదండ్రులకు ప్రత్యేకంగా చెబుతున్నాను. తెల్లవారుజామున నాలుగింటికి లేపి చదివించే అలవాటు మన దగ్గర బలంగా ఉంది. తొమ్మిదింటికే నిద్రపట్టే పిల్లలైతే సరే. పదకొండింటికి పడుకున్న పిల్లను నాలుగింటికి లేపితే రాత్రి చివరి భాగంలో ఎక్కువగా వచ్చే కలల నిద్ర తెగిపోతుంది. చదివింది మనసులో కుదురుకోవడానికి నిద్ర మొత్తం కావాలి. పబ్లిక్ పరీక్ష తొమ్మిదిన్నరకు. ఆ వేళకు తల తేలిగ్గా ఉండటం ముఖ్యం.

అందుకే ఈ నెల నుంచి తొమ్మిది, పది తరగతులకు మొదటి పీరియడ్‌లో పరీక్షలు పెట్టం. పొద్దుటి స్టడీ అవర్‌ను సాయంత్రం 4:15 నుంచి 5:15కు మార్చాం. వ్యాన్ పిల్లలకు 5:20కి ట్రిప్పు ఉంటుంది.

ఇవన్నీ నెల రోజులు చేసినా, తొమ్మిది గంటలు నిద్రపోయి కూడా పగలు తూగుతుంటే డాక్టరుకు చూపించండి. గట్టిగా గురకపెట్టి మధ్యలో ఊపిరి ఆగినట్టు అనిపించినా, కనురెప్పల లోపలి వైపు తెల్లగా పాలిపోయినా, ఆటల మీద కూడా ఆసక్తి పోయినా ఆలస్యం వద్దు. రక్తహీనత, థైరాయిడ్, దిగులు, ఏవైనా ఉండొచ్చు. బడిలో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర వేసుకున్న రోజున వెంటనే టీ ఇవ్వకండి, అది ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు.

పిల్లలు లేచే వేళ, పడుకునే వేళ రెండు వారాల పాటు డైరీ వెనక పేజీలో రాసి పంపండి. వ్యాన్ స్టాపుల వరస మార్చేటప్పుడు ఆ వివరాలే చూస్తాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయిని