మామోగ్రామ్ రిపోర్టులోని ఆ ఒక్క అక్షరం

సంపాదకులకు నమస్కారం.

అక్టోబరు వచ్చిందంటే హైదరాబాద్‌లో రొమ్ము క్యాన్సర్ అవగాహన పేరిట గులాబీ రిబ్బన్లు, పొద్దుటి నడకలు, ఉచిత శిబిరాలు మొదలవుతాయి. అక్కడ వినిపించేదంతా గడ్డ గురించే గాని, గడ్డ చుట్టూ ఉండే సంయోజక కణజాలం, అంటే కణాలను పట్టి ఉంచే పీచు, ప్రస్తావన రాదు. నిరుడు ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో మా అక్కకు మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) తీయిస్తే, అనుమానించదగినదేమీ లేదన్న వాక్యానికి పైన ‘డెన్సిటీ: సి’ అని ఉంది. అదేమిటని అడిగితే కౌంటర్‌లోని అమ్మాయి ‘అందరికీ ఏదో ఒకటి ఉంటుందండీ’ అంటూ రిపోర్టును కవర్లో పెట్టి ఇచ్చింది. ఆ జవాబు అబద్ధం కాదు, అలాగని పనికొచ్చేదీ కాదు.

రొమ్ములో కొవ్వు ఎంత, పాలగ్రంథులూ పీచులాంటి కణజాలమూ ఎంత అన్నదాన్ని బట్టి ఏ నుంచి డి వరకు నాలుగు తరగతులు వేస్తారు; దాదాపు అంతా కొవ్వే అయితే ఏ, పీచూ గ్రంథులూ బాగా ఎక్కువైతే డి. ఎక్స్‌రేలో కొవ్వు నల్లగా, పీచు తెల్లగా పడుతుంది. గడ్డ కూడా తెల్లగానే పడుతుంది కాబట్టి సి, డి తరగతుల్లో చిన్న గడ్డ తెల్లమబ్బులో కొంగలా కలిసిపోవచ్చు. అంతేకాక, ఈ సాంద్రత (రిపోర్టులోని డెన్సిటీ) బాగా ఎక్కువ ఉన్నవారికి, దాదాపు అంతా కొవ్వే ఉన్నవారితో పోలిస్తే, క్యాన్సర్ వచ్చే అవకాశం నాలుగు రెట్లకు పైనే ఉంటుంది. తడిమితే చేతికి తెలిసేది కాదిది, ఫిల్ములోనే కనబడుతుంది.

పీచును ఇంతగా పట్టించుకోవడం ఎందుకంటే, అది ఊరికే పడి ఉండేది కాదు. రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది వివరాలను పరిశీలించిన ఇంగ్లండ్ సర్జన్ స్టీఫెన్ పేజెట్, విత్తనాలు ఎటు పడినా అనువైన నేలలోనే మొలుస్తాయని 1889లోనే రాశాడు. వ్యాధి కొన్ని అవయవాలకే ఎక్కువగా ఎందుకు పాకుతుందో వివరించడానికి ఆయన చెప్పిన మాట అది. సేద్యం ఎరిగిన ఇళ్లలో దాన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. అదే మాట తర్వాత గడ్డ పుట్టే రొమ్ముకూ వర్తించింది. గాయమైతే వచ్చి పూడ్చి పని ముగించవలసిన, పీచును తయారుచేసే ఫైబ్రోబ్లాస్ట్ కణాలు, క్యాన్సర్ చుట్టూ చేరినప్పుడు పని ఆపవు. కొల్లాజెన్ అనే పీచు ప్రొటీన్ పోగులు అల్లుతూ, కణాలను పెరగమనే రసాయనాలను వదులుతూనే ఉంటాయి. అందుకే అమెరికా వైద్య పరిశోధకుడు హెరాల్డ్ డ్వోరాక్ 1986లో కణితిని మానని గాయమన్నాడు. చేతికి రాయిలా తగిలే గట్టిదనంలో చాలా భాగం ఈ పీచుదే, ఆ గట్టిదనమే మళ్లీ క్యాన్సర్ కణాలను రెచ్చగొడుతుంది. 1997లో అమెరికాలోని శాస్త్రవేత్త మీనా బిస్సెల్ బృందం, కణం తన పరిసరాలను పట్టుకునే ఒక ప్రొటీన్‌ను ప్రయోగశాలలో అడ్డుకుంటే, జన్యులోపాలు అలాగే ఉండగానే రొమ్ము క్యాన్సర్ కణాలు మామూలు కణాల తీరులో ఒద్దికగా అమరాయని చూపింది.

దీన్ని చదివి ‘నేలను శుద్ధి చేసే’ పొడులు అమ్మేవాళ్లు బయలుదేరతారేమోనన్న భయమూ నాకు లేకపోలేదు. ఫైబ్రోబ్లాస్ట్‌లలో కణితిని అదుపులో ఉంచేవి కూడా ఉంటాయి కాబట్టి పీచునంతా తుడిచిపెట్టడం వైద్యం కాబోదు. నేను కోరుతున్నది చిన్న పని. అమెరికాలో 2024 సెప్టెంబరు 10 నుంచి మామోగ్రామ్ తీయించుకున్న ప్రతి స్త్రీకి ఆమె సాంద్రత సంగతి తేలిక మాటల్లో రాసి ఇవ్వాలన్న నిబంధన అమలవుతోంది. 2022లో మన దేశంలో దాదాపు 1.9 లక్షల మందికి రొమ్ము క్యాన్సర్ కొత్తగా వచ్చిందన్న అంచనా ఉంది. చిన్న వయసులో రొమ్ములు మరింత సాంద్రంగా ఉంటాయి, మన దగ్గర వ్యాధి పడమటి దేశాలకంటే ముందు వయసులోనే కనబడుతోంది. కనుక రాష్ట్ర వైద్య ఆరోగ్యశాఖ, రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి వైద్యుల చేత తెలుగులో, ఉర్దూలో నాలుగు వాక్యాలు రాయించి, ప్రతి రిపోర్టుకూ జతచేయించాలి. సాంద్రత జబ్బు కాదని, చాలామందిలో సహజమని, అల్ట్రాసౌండ్ కూడా అవసరమా అని డాక్టరును అడగమని అందులో ఉంటే చాలు.

మా అక్కకు ఆ తర్వాత అల్ట్రాసౌండ్ చేయించాం, ఏమీ లేదన్నారు. ఆ పరీక్ష గురించి అడగమని మాకు చెప్పింది మాత్రం ఆ సెంటర్ వారు కాదు, మా పక్క వాటాలో ఉండే రిటైరైన నర్సమ్మ.

— ఒక పాఠకురాలు,
మలక్‌పేట, హైదరాబాద్