మన సంఘం వార్షిక నివేదిక: వంక దొరికిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

మన ఖరగ్‌పూర్ తెలుగు సంఘం కార్యదర్శిగా నాకిది మూడో నివేదిక. మొదటి రెండూ పాత ఫైల్లో ఉన్న మూసలోనే రాశాను. ఉగాది జరిపాం, మాతా పూజకు పందిరి వేశాం, సంక్రాంతికి ముగ్గుల పోటీ పెట్టాం, జనం బాగా వచ్చారు, భోజనాలు బాగున్నాయి. ఈ ఏడాదీ అవన్నీ జరిగాయి. ఉగాది పచ్చడిలో వేపపువ్వు ఎక్కువైందని ఇప్పటికీ నన్ను దెప్పేవాళ్లున్నారు. పువ్వు మా పెరట్లోదే, వేసిన చెయ్యీ నాదే, ఒప్పుకుంటున్నాను. పండుగల సంగతి ఇంతటితో సరి.

గత సర్వసభ్య సమావేశంలో లెక్కలు చదవడం అయ్యాక వెనక వరసలో ఒక పెద్దాయన లేచారు. “పండక్కి రెండు వందల మందిమి వస్తాం. మా ఆవిడ పోయి ఆరు నెలలైంది. మా ఇంటికి ఎంతమంది వచ్చారో చెప్పమంటారా?” అని అడిగారు. ఎవరూ చెప్పమనలేదు. ఆ తర్వాత టీ ఇచ్చారు, అందరం తాగి ఇళ్లకు వెళ్లిపోయాం. ఈ ఏడాది కమిటీ చేసిన పనంతా ఆ ప్రశ్న దగ్గర మొదలైందే.

ఖరగ్‌పూర్‌లో రైల్వే క్వార్టర్లలో ఉన్నన్నాళ్లూ మనకీ బాధ లేదు. ఒకే గోడకి అటొకరు, ఇటొకరు. కరివేపాకు కోసం, పేపరు కోసం, డ్యూటీ చార్టు కోసం ఎవరో ఒకరు గుమ్మంలో నిలబడే ఉండేవారు. రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేశాం. ఒకరు ఈ ఊళ్లోనే మలంచలో ఇల్లు కట్టుకున్నారు, ఒకరు నింపురాలో, ఒకరు విశాఖలో ఫ్లాటు కొన్నారు, ఇంకొకరు బెంగళూరులో కొడుకు దగ్గర మనవడిని స్కూలు బస్సు ఎక్కిస్తున్నారు. ముప్ఫై ఏళ్లు కలిసి బతికినవాళ్లం ఇప్పుడు కలవాలంటే ఏదో వంక ఉండాలి. ఊరికే వెళ్తే ఏమనుకుంటారో అనిపిస్తుంది. అదేం సిగ్గో నాకు ఇప్పటికీ అర్థం కాదు, కానీ నాకూ ఉంది.

మొదట ఫోన్ల పథకం పెట్టాం. ప్రతి సభ్యుడూ ఆదివారం ముగ్గురికి ఫోన్ చేసి పలకరించాలని జాబితా వేశాం. ఇది నా ఆలోచనే. ఆరు వారాల్లో మూతపడింది. “సంఘం నంబరు చూడగానే ఎవరు పోయారోనని గుండె గుభేలుమంటోంది, ఆపండమ్మా” అని ఒక అక్క నన్నే మందలించింది. ఇంకొకాయన ఫోన్ ఎత్తి, “అంతా క్షేమమే, జాబితాలో టిక్కు పెట్టుకోండి” అని పెట్టేశారట. పలకరింపుకి హాజరుపట్టీ పెడితే ఇంతే అవుతుంది.

రెండోది అనుకోకుండా కుదిరింది. శ్రావణంలో ఒక సాయంత్రం ‘తాతల పెట్టె’ అని పెట్టి, ఇంట్లో ఉన్న పాత వస్తువు ఒక్కటి తెమ్మన్నాం. పది మంది వస్తారనుకుంటే ముప్ఫై ఒక్కమంది వచ్చారు. కుర్చీలు చాలక చాపలు పరిచాం. ఇత్తడి చెంబులు, రేకు ట్రంకులు, అంచులు తినేసిన పెళ్లి ఫోటోలు వచ్చాయి. ఒకరు రైల్వే వర్క్‌షాపులో వాళ్ల తాతకిచ్చిన ఇత్తడి బిళ్ల తెచ్చారు, దాని మీద నంబరు తప్ప పేరు లేదు. ఆ తాత 1927 సమ్మె రోజుల్లో వర్క్‌షాపులో ఉన్నాడట. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే (బీఎన్నార్) కార్మికుల తరఫున అప్పట్లో నిలబడిన వి.వి. గిరి తర్వాత రాష్ట్రపతి అయ్యారు. ఆయన పుట్టింది బరంపురంలో, అంటే గంజాం జిల్లా మనిషే. ఈ మాట అనగానే మూలన ఒకాయన, “ఆగండి, గంజాం అంటే గుర్తొచ్చింది” అని సంచిలోంచి ఒక కాగితం తీశారు.

ఆ కాగితం కథ కొంచెం వివరంగా చెప్పాలి. అది వాళ్ల తాత సర్వీసు కాగితం. ఊరి పేరు కింద ‘చికాకోల్ తాలూకా, గంజాం జిల్లా’ అని ఉంది. గంజాం అంటే ఒడిశా కదా అని, ఈయన పదేళ్లుగా సెలవు దొరికినప్పుడల్లా బరంపురం, ఛత్రపురం చుట్టుపక్కల ఆ ఊరి కోసం తిరిగారు. దొరకలేదు. దొరకదు కూడా. చికాకోల్ అంటే మన శ్రీకాకుళమే. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఆ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం జిల్లా కింద ఉండేది. తర్వాత విశాఖపట్నం జిల్లాలో కలిసింది. 1950లో శ్రీకాకుళం జిల్లా వేరైంది. ఊరు ఉన్నచోటే ఉంది, జిల్లా పేరే రెండుసార్లు మారింది. ఇక్కడివాళ్లు మనల్ని ఇప్పటికీ ‘మద్రాసీ’ అంటారే, అదీ ఆ ప్రెసిడెన్సీ తోకే. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ, “అయితే ఒకసారి పోదామా?” అన్నారు. చాపల మీంచి ఇరవై చేతులు లేచాయి.

ఆ ప్రయాణం గురించే ఈ ఏడాది ఎక్కువ రాయాలి.

ఇరవై ఏడుగురం వెళ్లాం. కొందరికి రిటైర్డ్ పాసులున్నాయి, కొందరికి లేవు, ఇద్దరివి ఇంట్లో బీరువాలో ఉండిపోయాయి. రిజర్వేషన్ నాలుగు నెలల ముందే చేసే అలవాటు మనది. 2024 నవంబరు 1 నుంచి ఆ గడువు 120 రోజుల నుంచి 60కి తగ్గిందని మర్చిపోయి నేను అందరినీ కంగారు పెట్టాను. అర్ధరాత్రి దాటాక ఖరగ్‌పూర్‌లో ఎక్కితే చిల్కా వచ్చేసరికి బాగా తెల్లారిపోయింది. ఇదే పట్టాల మీద మన తాతలు ఎదురుగా వచ్చారు. వాల్తేరు దాకా లైను 1902 నాటికి బీఎన్నార్ చేతికి వచ్చింది. ఆ తర్వాత ఖరగ్‌పూర్‌లో వర్క్‌షాపు లేచింది. అందులో పనికి వచ్చినవాళ్లలో ఒక్కరైనా ఇక్కడే ఉండిపోతామని అనుకుని వచ్చారంటే నేను నమ్మను.

రైల్లో ఒక సంగతి జరిగింది. పేర్లు రాయను, అందరికీ తెలిసినవాళ్లే. ఒకే బెంచీ మీద చదువుకుని, వర్క్‌షాపులో ఒకే షాపులో పనిచేసి, యూనియన్ ఎన్నికల దగ్గర చెడి, పద్దెనిమిదేళ్లు మాట్లాడుకోని ఇద్దరికి ఒకే వైపు బెర్తులు పడ్డాయి. నేను కావాలని వేయలేదు, ఒట్టు. ఒకరిది లోయర్, ఇంకొకరిది మిడిల్. మిడిల్ ఆయన మోకాలు పట్టుకుని నిచ్చెన వైపు చూస్తుంటే, లోయర్ ఆయన దుప్పటి తీసుకుని పైకెక్కుతూ, “ఎప్పట్నించి ఈ మోకాలు?” అన్నారు. అంతే. ఇప్పుడిద్దరూ పొద్దున్నే గోల్‌బజార్‌లో కూరగాయలకి కలిసి వెళ్తున్నారు. ఎన్నికల సంగతి ఇంకా మాట్లాడుకోలేదని విన్నాను. మాట్లాడుకోకపోతేనే నయం.

ఆమదాలవలసలో దిగాం. అరసవల్లిలో సూర్యనారాయణ స్వామిని, శ్రీకూర్మంలో కూర్మనాథుణ్ణి చూశాం. శ్రీకూర్మం గుడిలో తాబేళ్ల దగ్గర నుంచి కొందరు కదల్లేదు. బస్సు డ్రైవర్ని మనవాళ్లు అలవాటుగా ‘దాదా’ అని పిలిస్తే, అతను రౌడీ అంటున్నారనుకుని మొహం ముడుచుకున్నాడు. బెంగాలీలో అన్నయ్యని అలా అంటామని నచ్చజెప్పేసరికి టిఫిన్ వేళ అయింది. ఊళ్లో మేం ‘ఏటి’, ‘గుంటడు’, ‘అప్ప’ అంటుంటే కుర్రాళ్లు నవ్వారు. “మా మామ్మలా మాట్లాడుతున్నారు” అన్నారు. వాళ్లు సినిమా తెలుగు మాట్లాడుతున్నారు. మన నాయనమ్మలు వచ్చేటప్పుడు మూట కట్టుకొచ్చిన మాటలు మన దగ్గరే కొంచెం మిగిలినట్టున్నాయి, మధ్యమధ్య బెంగాలీ, హిందీ ముక్కలతో.

కాగితం పెద్దాయన ఊరు దొరికింది. ఇల్లు లేదు. ఇంటిపేరు చెప్పగానే ఒక ముసలమ్మ, “కలకత్తా పోయినోల్లా?” అంది. ఖరగ్‌పూర్ అంటే ఆమెకు తెలియదు. తూర్పుకు పోయినవాళ్లందరూ కలకత్తా వాళ్లే. ఉద్దానం వైపు వెళ్లిన ఇంకో కుటుంబానికి వాళ్ల మామ్మ చెప్పిన కొబ్బరితోట కనిపించలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఆ చుట్టుపక్కల తోటల్ని పడగొట్టింది. కొత్త మొక్కలు నడుం ఎత్తు దాటాయి. వాటి పక్కన నిలబడి ఫోటో దిగారు. పలాసలో జీడిపప్పు కొన్నాం, అందరం అవసరానికి మించి కొన్నాం.

తిరుగు ప్రయాణంలో నేను గమనించింది ఒకటుంది. నలభై ఏళ్ల కిందట రాజమండ్రి నుంచి కోడలిగా వచ్చిన ఒకావిడ, మన లైనులో ఎవరితోనూ పెద్దగా కలవని మనిషి, సైడ్ బెర్తు మీద ఇంకొకావిడతో తెల్లారేదాకా కబుర్లు చెప్పింది. “అరవై దాటాక స్నేహితురాలు దొరుకుతుందనుకోలేదు” అని దిగేటప్పుడు నాతో అంది. నాకు కొంచెం ఈర్ష్య వేసింది కూడా.

తెలుగు తరగతి గురించి నిజమే రాస్తాను. తొమ్మిది మంది పిల్లలతో మొదలై నలుగురితో ముగిసింది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చినప్పుడు మిఠాయిలు పంచుకున్నాం. ఆదివారం పొద్దున్న పిల్లల్ని లేపి పంపడం మాత్రం మన ఇళ్లలో జరగాల్సిన పని. వచ్చే ఏడాది అక్షరాలతో కాకుండా ఇంటిపేరు, ఊరిపేరు రాయడంతో మొదలుపెడతాం.

లెక్కలు కోశాధికారి విడిగా పంచారు. హాలు పైకప్పు కారుతోంది, దానికి చందా వేరుగా అడుగుతాం. ప్రయాణానికి సంఘం డబ్బు ఒక్క రూపాయి వాడలేదు. ఈ ఏడాది నలుగురు సభ్యుల్ని పోగొట్టుకున్నాం. వారి ఇళ్లకు కమిటీ వెళ్లింది, నెల తర్వాత మళ్లీ వెళ్లింది. రెండోసారి వెళ్లడం కొత్తగా పెట్టుకున్న నియమం.

‘తాతల పెట్టె’ ఇకమీదట ప్రతి నెలా రెండో శనివారం సాయంత్రం. వస్తువు లేకపోయినా రావచ్చు.

చివరగా ఒక ప్రకటన. రైల్లో ఎవరిదో మూడు గిన్నెల స్టీలు క్యారియర్ నా సంచిలో వచ్చేసింది. మూత మీద చిన్న సొట్ట ఉంది. వాట్సాప్‌లో రెండుసార్లు పెట్టినా ఎవరూ మాదనలేదు. ఇంట్లోనే ఉంచాను. సాయంత్రం నాలుగు తర్వాత ఎప్పుడైనా వచ్చి చూసుకోండి, మీది కాకపోయినా సరే.