నానిగాడి మాత్రలు

చి. ల. సౌ. సుజాతకు,

అమ్మ ఆశీస్సులు. నువ్వు ఫోన్ చేసి మూడు ఆదివారాలైంది. ఆవకాయ ఊరింది. రాజా వచ్చే నెల డల్లాస్ వస్తున్నాడు, రెండు సీసాలు పంపుతాను. ఆ సంగతి చెబుదామని లక్ష్మికి ఫోన్ చేస్తే, నానిగాడికి ఏడీహెచ్‌డీ అని, అదే, కుదురుగా ఉండలేకపోవడం, ధ్యాస నిలవకపోవడం, దానికి మిథైల్‌ఫెనిడేట్ అనే మాత్ర వేస్తున్నారని నోరు జారింది. నాకెందుకు చెప్పలేదే?

తిడతాననుకున్నావేమో, తిట్టను. నిద్ర పట్టక మన వీధి పిల్లల డాక్టరుగారి దగ్గరికి వెళ్లాను. చీటీ వెనక బొమ్మ గీసి చెప్పారు. మెదడులో కణానికీ కణానికీ మధ్య కబురు మోసే డోపమైన్ వెంటనే వెనక్కి పోకుండా ఆ మందు కాసేపు ఆపుతుందట. ఇలాంటి పిల్లలకు మెదడు పైపొర ఎదగడం సగటున మూడేళ్లు ఆలస్యమని 2007లో మీ అమెరికాలోనే స్కాన్‌లు తీసి చూశారట. ఆలస్యమే తప్ప ఆగిపోవడం కాదన్నారు. ఆ రాత్రి కాస్త కన్ను మూతపడింది.

మీ శీను మావయ్య సంగతి నీకు పూర్తిగా తెలీదు. తరగతిలో కుదురుగా కూర్చునేవాడు కాదు. మాస్టారు గోడకుర్చీ వేయించేవారు, తాతయ్య బెల్టు తీసేవారు. ఒకసారి ఉప్పు తెమ్మని పంపితే చీకటి పడినా రాలేదు. వెతుక్కుంటూ వెళ్తే సైకిల్ షాపులో చక్రం ఊచలు బిగిస్తున్నాడు. ఉప్పు డబ్బులు, రెండు పావలాలు, చెమటకి తడిసి గుప్పిట్లోనే ఉన్నాయి. ఆ రాత్రి అమ్మ వాడి వీపుకి వెన్న రాస్తుంటే దీపం పట్టుకున్నది నేనే. “కావాలని చేయలేదక్కా” అన్నాడు. ఏడో తరగతితో చదువు ఆగిపోయింది. పొగరన్నారు, అంతే. వాడికి చెప్పేవాళ్లు లేకపోయారు. నానిగాడికి ఉన్నారు, అందుకు సంతోషమే.

కానీ మాత్ర వేయకముందే కడుపునిండా టిఫిన్ పెట్టు. వేశాక ఆకలి చచ్చిపోతుంది. డబ్బాలో అన్నం వెనక్కి తెస్తే కోప్పడకు, రాత్రికి నెయ్యి వేసి పప్పన్నం పెట్టు. మధ్యాహ్నం దాటాక వేస్తే రాత్రి నిద్ర పట్టకపోవచ్చు. నాడి, బీపీ చూడమని అడుగు. ఏళ్ల తరబడి వాడినవాళ్లు పెద్దయ్యాక రెండు సెంటీమీటర్ల పైన ఎత్తు తక్కువగా ఉన్నట్టు ఒక పెద్ద పరిశీలనలో తేలిందట. నీ అంతట నువ్వు డోసు మార్చకు, మానేయకు. నాకు చెప్పకుండా మాత్రం ఉండకు.

వంటింటి గుమ్మం మీద పోయిన వేసవిలో గీసిన వాడి పెన్సిలు గీత అలాగే ఉంది. రంగులు వేసేవాళ్లని అక్కడ ముట్టనివ్వలేదు. నిన్న టేపు పెడితే 124 వచ్చింది. ఇప్పుడెంత ఉన్నాడో కొలిచి ఆదివారం చెప్పు.

అమ్మ