లోకేష్ గారూ, బడికి ఫోన్ వద్దన్నారు సరే, మరి హోంవర్క్ ఫోన్‌లో ఎందుకు వస్తోంది?

విద్యాశాఖ మంత్రి నారా లోకేష్ గారికి నమస్కారం.

నేను ఇంట్లో బట్టలు కుడతానండి. మా పాప తొమ్మిదో తరగతి, ఏడు కిలోమీటర్ల అవతల హైస్కూల్, ఆర్టీసీ బస్సులో వెళ్లొస్తుంది.

ముందే చెప్పేస్తున్నా, బడిలో ఫోన్లు వద్దనే మాటకి నేను అడ్డం కాదు. 2023 ఆగస్టులో అప్పటి ప్రభుత్వం పిల్లలు ఫోన్ తేకూడదని ఆర్డర్ ఇస్తే మా వీధిలో అందరికన్నా సంతోషపడింది నేనే. టీచర్లు కూడా క్లాసుకెళ్లే ముందు ఫోన్ హెచ్ఎం దగ్గర పెట్టాలన్నారు, అది ఇంకా నచ్చింది. ఒకసారి ధ్యాస పోతే మళ్లీ పాఠం మీదకి రావడానికి 20 నిమిషాల దాకా పట్టొచ్చని యునెస్కో రిపోర్ట్‌లో ఉందంట, అంటే సగం పీరియడ్ పోయినట్టే కదా. నాకైతే ఏ రిపోర్టూ అక్కర్లేదు, పక్కన రీల్స్ పెట్టుకుని కుడితే నేనే జాకెట్టుకి ఎడమ చెయ్యి కుడివైపు వేసేస్తా, పద్నాలుగేళ్ల పిల్ల సంగతి చెప్పాలా.

కానీ సార్, పేరెంట్స్ మీటింగ్‌లో పిల్లలకి ఫోన్ ఇవ్వకండమ్మా అని చెప్తారు, అదే రోజు సాయంత్రం వాట్సాప్ గ్రూప్‌లో వీడియో లింకు పెట్టి ఇది చూసి నోట్స్ రాసుకు రమ్మంటారు. మరి ఏ ఫోన్‌లో చూడాలి? నా ఫోన్ తీసుకుని మూల కూర్చుంటుంది, పాఠం పది నిమిషాలు, మిగతా గంట ఏం చూస్తుందో దేవుడికే తెలియాలి, "అమ్మా హోంవర్కే" అంటే నోరెత్తలేం. టీచర్లదీ అదే బాధ, వాళ్ల హాజరే 2022 నుంచి ఫోన్‌లో మొహం చూపించి వెయ్యాలి. మీరొచ్చాక టీచర్లు స్కూల్ బాత్రూంల ఫోటోలు తీసి ఫోన్ యాప్‌లో పెట్టే పని తీసేశారు, అది మాత్రం మంచి పని చేశారు.

ఇక మాకు జరిగింది. బస్సు కోసమని పాప బ్యాగులో చిన్న కీప్యాడ్ ఫోన్ పెట్టా, స్విచ్ఛాఫ్ చేసి. చెకింగ్‌లో తీసేసుకున్నారు, సంవత్సరం అయ్యాక ఇస్తామన్నారు. తర్వాత రెండో రోజే సాయంత్రం బస్సు రాలేదు. స్కూల్‌కి తాళం వేసేశారు, ల్యాండ్‌లైన్ లేదు, చీకటి పడుతోంది, నేను రోడ్డు మీద నిలబడి వచ్చే ప్రతి ఆటోలోకీ తొంగి చూస్తున్నా. చివరికి అక్కడ టీకొట్టు ఆయన తన ఫోన్ ఇస్తే ఏడుస్తూ చేసింది, ఇంటికొచ్చేసరికి ఏడున్నర. ఆ రోజు నాకు వచ్చిన కోపం ఆ టీచరమ్మ మీద కాదు, ఆవిడ ఆర్డర్ పాటించింది అంతే, కానీ తీసుకున్న ఫోన్ ఎక్కడ పెట్టాలి, ఎప్పుడు ఇవ్వాలి అనేది కింద వాళ్లకి ఎవరూ చెప్పలేదు.

అందుకని నేనడిగేది, ఫోన్ గేటు దగ్గరే తీసుకోండి, లాంగ్ బెల్ కొట్టాక ఇచ్చేయండి, బస్సుల్లో వచ్చే పిల్లలకైనా. తప్పు చేసి దొరికితే ఆ సాయంత్రమే మమ్మల్ని పిలిచి మా చేతికివ్వండి, తిట్టండి, పడతాం. హోంవర్క్ మాత్రం బోర్డు మీద రాయించండి, డైరీలో ఎక్కించుకుంటారు, మేము చదువుకున్నప్పుడు అలాగే కదా. స్కూల్‌కొక ఫోన్ పెట్టి ఆ నంబర్ ఐడీ కార్డు మీద వేయించండి, పిల్లలు ఇంటికి చేసుకునేలా, ఆఖరి బస్సు వెళ్లేదాకా ఎవరో ఒకరు ఆ ఫోన్ దగ్గర ఉండేలా.

కొన్ని దేశాల్లో పిల్లలు రాగానే ఫోన్ సంచిలో పెట్టి తాళం వేస్తారంట. మన దగ్గర తాళాల సంచులకి టెండర్లు, కమిటీలు అంటే పాప ఇంటర్‌కి వెళ్లిపోతుంది. తాళం లేకపోయినా పర్లేదు, పేరు రాసిన గుడ్డ సంచి చాలు. మీరు గుడ్డ పంపండి సార్, మా పాప క్లాసుకి నలభై సంచులు నేనే కుట్టి ఇస్తా, కూలి వద్దు.

ఇట్లు,
ఒక తొమ్మిదో తరగతి పాప వాళ్లమ్మ